“గ్రీన్ యాపిల్ వేసుకుంటా సార్”: ఫ్లేవర్డ్ వోడ్కా కేసు ఒకటి

హనుమకొండలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్న నాకు మద్యం కేసులు కొత్త కావు. గుడుంబాతో కాలేయం పాడైనవాళ్లను చూశాను. కల్తీ కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు ఊళ్లకు ఊళ్లు వణుకుతూ ఆసుపత్రులకు రావడం 2015లో నిజామాబాద్ ప్రాంతంలో జరిగింది. ఆ తర్వాత ఇక్కడి డాక్టర్లెవరూ కల్లు సంగతి అడగడం మరచిపోలేదు. అయినా కింది కేసులో అసలు జబ్బు ఏమిటో దాదాపు రెండు నెలల పాటు నాకు అందలేదు. పేషెంటు అనుమతి తీసుకుని, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చి రాస్తున్నాను. ఆమె తాగిన బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు.

నేపథ్యం

ఆమెకు అప్పటికి 31 ఏళ్లు, పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంటికి వచ్చి, ఆ తర్వాత కూడా కంపెనీ ఒప్పుకోవడంతో తల్లిదండ్రుల దగ్గరే ఉండి పని చేసుకుంటోంది. తండ్రి ఆదివారం నాడు భోజనానికి ముందు రెండు పెగ్గులు విస్కీ తాగుతారు, అది ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే. నాయనమ్మ పరకాల వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. కల్లు ఆమెకు చిన్ననాటి నుంచీ అలవాటే. అందులో దాచాల్సింది ఏదైనా ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తల్లి మాత్రం దేన్నీ ముట్టరు. ఆ ఇంట్లో ‘మందు’ అంటే తండ్రి సీసా, ‘కల్లు’ అంటే నాయనమ్మ లొట్టి, అంతే. ఈ రెండు మాటల మధ్య మూడో వస్తువు ఒకటి చొరబడిందని ఇంట్లోవాళ్లకు తెలియకపోవడానికి కారణం, దానికి వాళ్ల భాషలో పేరు లేకపోవడమే.

వచ్చిన సమస్య

ఆగస్టులో జ్వరం, వాంతులతో ఆమెను ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఊళ్లో డెంగ్యూ జోరుగా ఉన్న రోజులవి. ప్లేట్‌లెట్లు 95 వేలు, కాలేయ ఎంజైముల్లో ఏఎస్‌టీ 148, ఏఎల్‌టీ 62. డెంగ్యూకు చేసే ఎన్ఎస్1 పరీక్ష నెగటివ్ వచ్చినా ఆ కాలంలో ఈ అంకెలు చూసిన ఏ డాక్టరైనా వైరల్ జ్వరమనే అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పు లేదు. చేరిన మరునాడు తెల్లవారుజామున ఆమెకు ఫిట్స్ వచ్చాయి. మెదడు ఎమ్మారైలో ఏమీ కనిపించలేదు. ‘మందు అలవాటు ఉందా’ అని అడిగితే తల్లి “మా బిడ్డ అసొంటిది కాదు” అని చెప్పారు. మూర్ఛకు లెవెటిరాసెటామ్ మొదలుపెట్టి, జ్వరం తగ్గాక ఇంటికి పంపారు.

మరో నాలుగు వారాలకు నిద్ర పట్టడం లేదని, పొద్దున్నే గుండె దడ, ఆందోళన అని చెప్పి నా దగ్గరికి తీసుకొచ్చారు. పక్కన తల్లి కూర్చుని ఉండగా నేనూ అదే ప్రశ్న వేశాను: “మందు తాగుతారా?” ఆమె తలెత్తి, ఏ తడబాటూ లేకుండా, లేదంది. ఆమె అబద్ధం చెప్పలేదని నాకు తర్వాత అర్థమైంది.

ఆందోళన రుగ్మత అని నిర్ధారించి ఆందోళనకు ఎస్సిటాలోప్రామ్‌తో పాటు రాత్రిపూట నిద్రకు రెండు వారాల పాటు తక్కువ మోతాదులో క్లోనాజెపామ్ రాశాను. పదిహేను రోజులకు వచ్చి చాలా నయంగా ఉందని చెప్పింది. నాకు సంతృప్తి కలిగింది. నిజానికి నేను అనుమానించాల్సింది అక్కడే. మద్యం దిగిపోతున్నప్పుడు వచ్చే (విత్‌డ్రాయల్) వణుకును, దడను క్లోనాజెపామ్ అణచిపెడుతుంది, ఎందుకంటే మెదడులో రెండూ పనిచేసే చోటు ఒకటే. నేను ఆందోళన తగ్గించాననుకున్నది నిజానికి పొద్దుటి విత్‌డ్రాయల్‌ను కప్పిపెట్టడం. పైగా రాత్రి మద్యం మీద ఆ మాత్ర పడితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంటుంది. ఆ రెండు వారాల్లో ఆమెకు ఏమీ కాకపోవడం అదృష్టమే తప్ప నా జాగ్రత్త కాదు.

నాయనమ్మ చెప్పిన మాట

మూడోసారి తల్లికి వీలుకాక నాయనమ్మ వెంట వచ్చింది. మనవరాలు బీపీ చూపించుకోవడానికి పక్కగదిలోకి వెళ్లగానే ఆ పెద్దమ్మ నా వైపు వంగి, “పొద్దుగాల లేవంగనే చెయ్యి వణుకుతాంది సారూ. కల్లు దొరకని నాడు మా ఊళ్లె మనుషులు గిట్లనే వణుకుతరు” అంది.

పాత రిపోర్టులు మళ్లీ తీశాను. డెంగ్యూలోనూ మద్యంలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. రెండింటిలోనూ ఏఎల్‌టీ కంటే ఏఎస్‌టీ ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి ఆ రెండు అంకెలూ ఎటైనా సరిపోతాయి. వాటికి కాస్త దిగువన ఎవరూ గీత గీయని అంకె ఇంకొకటి ఉంది. ఎంసీవీ, అంటే ఎర్ర రక్తకణం సగటు పరిమాణం, 102. నాలుగు రోజుల జ్వరం రక్తకణాలను పెద్దవి చేయదు. నెలల తరబడి సాగిన తాగుడు చేస్తుంది. ఫిట్స్ వచ్చిన సమయం కూడా లెక్కపెట్టాను. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల లోపు వచ్చేవి విత్‌డ్రాయల్ ఫిట్స్. జ్వరం వచ్చిన ముందు రాత్రి నుంచి లెక్కిస్తే ఆమెకు సుమారు 32 గంటలకు వచ్చాయి.

అయితే మళ్లీ ‘మందు’ అని అడిగితే మళ్లీ ‘లేదు’ అనే జవాబే వస్తుంది. అందుకని ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే వరకు ఏమేం తాగుతారో వరుసగా చెప్పమన్నాను: నీళ్లు, టీ, మజ్జిగ, కూల్‌డ్రింక్, ఏదైనా సరే. రెండు టీలు చెప్పింది, మధ్యాహ్నం మజ్జిగ చెప్పింది. ఆ తర్వాత, టీ సంగతి చెప్పినంత మామూలుగా, “రాత్రి మీటింగ్‌లు అయ్యాక గ్రీన్ యాపిల్ వేసుకుంటా సార్” అంది.

ఎంత అని అడిగితే ‘హాఫ్’, అంటే 375 మిల్లీలీటర్ల సీసా, రెండు రోజులు వచ్చేదని, ఈమధ్య ఒక్కరోజుకే అయిపోతోందని చెప్పింది. కంపెనీ ఇచ్చిన స్టీలు ఫ్లాస్కులో పోసుకుని, స్ప్రైట్ కలిపి, గదిలో కూర్చుని తాగుతుంది. సీసాలు తెలిసిన ఆటో డ్రైవర్ వైన్స్ నుంచి తెచ్చి ఇస్తాడు. తల్లికి ఎప్పుడైనా వాసన వస్తే బబుల్‌గమ్ అనుకునేది. మద్యం అలవాటును అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల ‘ఆడిట్’ పరీక్షలో స్కోరు 24 వచ్చింది. 20 గానీ అంతకు మించి గానీ వస్తే వ్యసనం ఉందేమోనని పూర్తిగా పరీక్షించాలి. మద్యంతో పెరిగే కాలేయ ఎంజైము జీజీటీ 310. “మరి మందు తాగనన్నారు కదా” అన్నాను, నిందించే గొంతుతో కాదు. “అది మందు కాదు కదా సార్, ఫ్లేవర్డ్. నాన్న తాగేదే మందు” అంది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది

ఇక్కడ కేసు పక్కకు కొంచెం జరగక తప్పదు, ఎందుకంటే చికిత్స తిరిగిన మలుపు ఇదే.

వోడ్కాకు అమెరికా నిబంధనల్లో 2020 వరకూ ఉన్న నిర్వచనం ఏమిటంటే, తనదంటూ ప్రత్యేకమైన గుణం, వాసన, రుచి, రంగు లేని స్పిరిట్. అంటే రుచిని చూపించి అమ్మడానికి వీల్లేని సరుకు. అలాంటి సరుకును అమ్మేవాళ్లు దాని లోటునే గొప్పగా మార్చుకోవాలి. 1950లలో స్మిర్నాఫ్ అమెరికాలో చేసిన ప్రచారం సారాంశం అదే: తాగినా ఊపిరిలో వాసన రాదని ధ్వనించే నినాదం. విస్కీ తాగి ఆఫీసుకు వెళితే పట్టుబడతారు, ఇది తాగితే ఎవరికీ తెలియదు అన్న హామీ ఆ నినాదం లోపల ఉంది. తర్వాతి మెట్టు, లేని రుచిని తామే చేర్చడం. స్వీడన్‌కు చెందిన అబ్సల్యూట్ 1986లో మిరపకాయల రుచితో ఒకటి, 1988లో నిమ్మ రుచితో ఇంకొకటి తెచ్చింది. పండు పేరు సీసా మీదికి ఎక్కాక వాడుకలో ముందు వినిపించేది పండే. వోడ్కా అన్న మాట వెనక్కి పోతుంది, ఇంకొన్నాళ్లకు రాలిపోతుంది. నా పేషెంటు నోట అది పూర్తిగా రాలిపోయింది.

మన దేశంలో టీవీలో మద్యం ప్రకటనలు కేబుల్ నెట్‌వర్క్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. అందుకే అదే పేరుతో సోడా, మంచినీళ్లు, పాటల సీడీలు కనిపించేవి. అలాంటి చాటు ప్రకటనలను కూడా 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. సీసా మీద హెచ్చరిక 2019 నుంచి తప్పనిసరి. కానీ మద్యం లేబుల్ మీద పోషకాల వివరం ముద్రించడం తప్పనిసరి కాదు. ఎన్ని క్యాలరీలు, ఎంత చక్కెర అన్నది కొనేవాళ్లకు సాధారణంగా తెలియదు. ‘పండు రుచి కాబట్టి తేలిక’ అన్న భ్రమను కాదనే అంకె ఆ సీసా మీద ఒకే ఒక్కటి, 42.8 శాతం ఆల్కహాల్. ఆమె ఆ అంకెను రోజూ చేత్తో పట్టుకుంది, ఒక్కరోజూ చదవలేదు.

చేసినవి, ఫలించనివి

మొదట భయపెట్టాను. ఇది నా వృత్తిలో అందరం చేసే పనే. కాలేయం ఎలా గట్టిపడుతుందో బొమ్మ చూపించి, ఆడవాళ్ల శరీరంలో నీటి భాగం తక్కువ కాబట్టి అంతే మద్యానికి రక్తంలో ఎక్కువ మోతాదు చేరుతుందని వివరించాను. శ్రద్ధగా వింది. కానీ ఆ బొమ్మలోని కాలేయం ఆమె దృష్టిలో ‘మందు తాగేవాళ్లది’. ఏది మద్యమో అన్న దగ్గరే మా ఇద్దరి మాట కలవనప్పుడు ఎంత భయపెట్టినా ఆ భయం ఆమెకు చెందదు.

రెండోది, ఇంట్లోనే కొంచెం కొంచెం తగ్గిస్తానని ఆమె పట్టుబట్టింది. ఫిట్స్ వచ్చిన మనిషి విషయంలో నేను దీనికి ఒప్పుకుని ఉండకూడదు. ఆసుపత్రిలో చేరితే ఉద్యోగంలో తెలిసిపోతుందన్న ఆమె బెదురుకు లొంగి పది రోజులు గడువిచ్చాను. రోజుకు నాలుగు పెగ్గులు, తర్వాత మూడు అని రాసుకుంది. కాగితం మీద తగ్గింది, సీసాలో తగ్గలేదు. ఎందుకో తర్వాత బయటపడింది.

ఈలోగా ఇంట్లో చెప్పక తప్పలేదు. ఆమె అనుమతితో, ఆమె ఎదుటే చెప్పాను. తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి మర్నాడు ఒంటరిగా వచ్చి, “తెలవకుండ కూరల కలిపే గోలీ ఉంటదట కదా సార్, అది రాయుండ్రి” అన్నారు. ఆయన అడిగింది డైసల్ఫిరామ్. దాన్ని ఎందుకు రాయలేదో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో ప్రతి వారం ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. ఆ మాత్ర కడుపులో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె దెబ్బతిని ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. అది జరుగుతుందని తెలిసిన మనిషే తనను తాను ఆపుకోవడానికి వాడే మాత్ర అది. తెలియని మనిషికి పెడితే చికిత్స అనిపించుకోదు, విషప్రయోగం అవుతుంది. పైగా ఆమె కాలేయం అప్పటికే వాచి ఉంది. వీటన్నిటికీ మించి, కూరలో కలిపిన సంగతి ఒకరోజు బయటపడితే ఆ ఇంట్లో ఆమె ఎవరి చేతి ముద్దా నమ్మి తినదు. ఇదంతా ఆయనకు ఓపికగా చెప్పాను. ఆయన అర్థం చేసుకున్నారు. అంతకన్నా ముఖ్యం, ఆ ఆదివారం నుంచి తన సీసా ఇంట్లో పెట్టడం మానేశారు. అది నేను అడగలేదు.

పదో రోజు తర్వాత ఆసుపత్రిలో చేర్చుకుని ఏడు రోజులు ఉంచాం. విత్‌డ్రాయల్‌కు సాధారణంగా వాడే క్లోర్‌డయాజిపాక్సైడ్ బదులు లోరాజెపామ్ ఎంచుకున్నాను, ఎందుకంటే పాడైన కాలేయం మీద అది తక్కువ బరువు వేస్తుంది. గ్లూకోజ్ ఎక్కించక ముందే థయామిన్ (విటమిన్ బి1) ఇచ్చాం. ఈ వరుస తప్పితే మెదడుకు నష్టం జరిగే ప్రమాదం ఉంటుంది. ఏ ఉపద్రవమూ లేకుండా ఇంటికి వెళ్లింది.

ఏడో వారంలో మళ్లీ తాగింది. ఆఫీసు వాళ్ల కలయికకు హైదరాబాద్ వెళ్లి, జాగ్రత్తగా మద్యం లేని మాక్‌టెయిల్ తెప్పించుకుంది. అది గ్రీన్ యాపిల్ సిరప్ కలిపిన సోడా. మొదటి గుక్కకే నోరు ఊరిందని, చెమట పట్టిందని, గంట తర్వాత తానే బార్ కౌంటర్ దగ్గర నిలబడి ఉందని చెప్పింది. “నేను తప్పేం చేయలేదు కదా సార్, సోడానే కదా తాగింది” అని ఏడ్చింది.

కుదిరినది

ఆ ఏడుపు తర్వాతే నేను దారి మార్చాను. ఆమె ప్రవర్తన మీద కాక, ఆమె నమ్మిన వాక్యాల మీద పనిచేయాలనిపించింది. ఒక తెల్ల కాగితం ఇచ్చి ఈ పానీయం గురించి తనకు తెలిసినవన్నీ రాయమన్నాను. నాలుగు రాసింది: ఇది లైట్. వాసన రాదు. పొద్దున తలనొప్పి ఉండదు. అమ్మాయిలు తాగేదే. ఒక్కో వాక్యం ఎదురుగా అది మొదట ఎవరి నోట విన్నదో రాయమంటే, మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. ఒక సీనియర్ చెప్పిందేమో, ఏదో రీల్‌లో కాక్‌టెయిల్ కలుపుతూ చెప్పారేమో. తన సొంత అనుభవమని గట్టిగా చెప్పగలిగింది నాలుగింట్లో ఒక్కటే. పొద్దున తలనొప్పి లేదన్నది నిజమే, కానీ దానికి కారణం పొద్దున్నే ఫ్లాస్కులో మిగిలింది తాగేయడం.

తర్వాతి వారం బల్ల మీద మూడు ఖాళీ సీసాలు పెట్టాను: ఆమె తాగే గ్రీన్ యాపిల్ హాఫ్, తండ్రి తాగే విస్కీ క్వార్టర్, ఒక లైట్ బీరు. కడిగి, నీళ్లు నింపి పెట్టాను. పిల్లల సిరప్ మీద వచ్చే పది మిల్లీలీటర్ల కొలత మూత పక్కన పెట్టాను. ఇంట్లో పోసుకున్నట్టే ఒక పెగ్గు గ్లాసులో పోయమన్నాను. పోసింది. అది ముప్పయి అని చెప్పింది. మూతతో కొలిచింది: ఒకటి, రెండు, మూడు... ఎనిమిది మూతలు నిండి తొమ్మిదోది సగం దాకా వచ్చింది. ఎనభై అయిదు. ఇంట్లో తగ్గించినప్పుడు కాగితం మీద తగ్గిన పెగ్గులు సీసాలో ఎందుకు తగ్గలేదో ఆ మూత చెప్పింది.

లేబుళ్ల మీది అంకెలు కూడా తనతోనే చదివించాను. విస్కీ మీద 42.8, తన దాని మీదా 42.8. లెక్క కూడా తనే కట్టింది. లెక్కల మనిషి కావడం మాకు కలిసివచ్చింది. క్వార్టర్‌లో ఉండే 180 మిల్లీలీటర్లలో సుమారు 61 గ్రాముల ఆల్కహాల్, పది గ్రాములు ఒక యూనిట్ అనుకుంటే ఆరు యూనిట్లు. అయిదు శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 26 గ్రాములు. తను రోజూ ఖాళీ చేసిన 375లో దాదాపు 127. “అంటే అయిదు బీర్లు” అని, కాసేపటికి మెల్లగా, “నాన్న వారమంతా తాగేదాని కన్నా ఎక్కువ నేను ఒక్కరోజులో తాగుతున్నా” అంది. నేను ఏమీ కలపలేదు.

ఆ రోజు ఇంకొకటి గమనించాను. సీసా మూడుసార్లు కడిగించినా మూత తీయగానే యాపిల్ వాసన గది నిండా వచ్చింది, ఆమె గుటక మింగింది. వోడ్కాకు వాసన ఉండదన్న హామీ అక్కడే వీగిపోయింది; ఉన్న వాసనే ఆమెకు గాలమైంది. దాంతో ఆ రుచినే శత్రువుగా తీసుకుని పని పెట్టుకున్నాం. ఇంట్లో ఆ వాసన వేసే షాంపూ, గదిలో చల్లుకునే స్ప్రే తీసేశారు. ఫోన్‌లో కాక్‌టెయిల్ రీల్స్ వేసే పేజీలన్నీ ఆమే నా ఎదుట కూర్చుని బ్లాక్ చేసింది, ముప్పయికి పైనే ఉన్నాయి. రాత్రి మీటింగ్ అయ్యాక ఫ్లాస్కు కోసం చెయ్యి వెళ్లే వేళకు తల్లి అల్లం, కరివేపాకు వేసిన పల్చని మజ్జిగ గదిలోకి తెచ్చి, పది నిమిషాలు అక్కడే కూర్చునేది. కాపలా కోసం కాదు, కబుర్ల కోసం అని ముందే మాట్లాడుకున్నాం.

మందుల్లో, తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు ఎంచుకున్నాను. ఏఎస్‌టీ మొదట్లో సాధారణ స్థాయికి మూడు రెట్లు మించి ఉంది కాబట్టి అది దిగేదాకా ఆగి మొదలుపెట్టాను. అదే పనికి వాడే అకాంప్రోసేట్ కాలేయానికి ఇంకా భద్రమే, కానీ రోజుకు ఆరు మాత్రలు. పని మధ్యలో వేసుకోలేనని ఆమే చెప్పింది. వేసుకోని మంచి మందు కన్నా వేసుకునే మందే మేలనుకున్నాను. ఫిట్స్ మూర్ఛ వల్ల కాదని న్యూరాలజిస్టుకు వివరంగా రాశాక, ఆయన లెవెటిరాసెటామ్‌ను క్రమంగా ఆపించారు.

నేర్చుకున్నది, ప్రస్తుత స్థితి

ఇప్పటికి పద్నాలుగు నెలలు. తొమ్మిదో నెలలో ఒక పెళ్లిలో ఒక రాత్రి తాగి, మర్నాడు పొద్దున్నే తానే ఫోన్ చేసి వచ్చింది. ఎప్పుడూ తాగలేదని చెప్పగలగడం కన్నా అలా వచ్చి చెప్పడమే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది. జీజీటీ 38కి దిగింది, ఎంసీవీ 91.

నా తప్పు ఎక్కడ జరిగిందని వెనక్కి చూసుకుంటే, పేషెంటు భాషను నేను నా భాషే అనుకోవడంలో జరిగింది. ‘మందు’ అన్న మాటకు నా మనసులో ఉన్న అర్థం ఆల్కహాల్. ఆమె మనసులో అది ఒక రంగు, ఒక ఘాటు, తండ్రి వయసు మనుషులు. మార్కెట్ ఆమెకు అమ్మిన వస్తువు ఆ మూడింటికీ అందకుండా ఉండేలా తయారైంది, కాబట్టి నా ప్రశ్న దాన్ని తాకకుండా పక్కనుంచి పోయింది. తల్లి ఎదుట అడగడం రెండో తప్పు. కల్లు తాగే నాయనమ్మ వణుకును చూసి వణుకే అనుకుంది, డిగ్రీలున్న నేను దానికి ఆందోళన అని పేరు పెట్టాను.

మా కేస్ షీట్‌లో ‘మద్యం: ఉంది / లేదు’ అన్న గడి కొట్టేసి, ‘లేచిన దగ్గర్నుంచి పడుకునే వరకు ఏమేం తాగుతారు’ అని రాయించి, కింద నాలుగు ఖాళీ గీతలు పెట్టించాను. ఆ గీతల మీద ఈ మధ్య వచ్చిన జవాబులు కొన్ని: ‘లెమన్, శనివారాలు మాత్రమే’. ‘ఆరెంజ్ది, నిద్ర కోసం’. ‘కోలాలో కొంచెం’. ‘కల్లే సార్, ఇంకేం లేదు’.